డిక్కీ వెనక మూడు చాలు

గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్ అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లల సైకిల్‌కి సెల్లారే లోకం. చిరాగ్ అలీ లేన్ ట్రాఫిక్‌లోకి సైకిల్ ఇచ్చి పంపే తల్లిదండ్రులు ఎవరుంటారు? అందుకే సెలవులకి రెండు రోజులు వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్దామనుకోగానే సైకిళ్లూ వేసుకుపోదామన్న మాట వస్తుంది. దూరం సుమారు 80 కిలోమీటర్లు. మనుషులు నలుగురు, సైకిళ్లు నాలుగు, ఉన్నది ఒక చిన్న కారు. టాప్ మీద క్యారియర్ బిగించి నాలుగూ నిలబెట్టేయడం అందరికీ ముందు తట్టే దారి. ఆ దారి వదిలేసి, వెనక డిక్కీకి మూడు కట్టుకుని, పెద్దవాళ్ల సైకిళ్లలో ఒకటి ఇంట్లోనే ఉంచెయ్యమని నేనంటాను. ఇన్నోవా లాంటి పెద్ద బండి ఉన్నవాళ్లకు ఈ గొడవ తక్కువ; చివరి సీటు మడిచి, ముందు చక్రాలు ఊడదీసి కొన్ని లోపలే సర్దుకోవచ్చు.

ముందు బరువు చూద్దాం. బజారులో దొరికే ఇనుప ఫ్రేము గేర్ సైకిల్ 16, 17 కిలోలుంటుంది. పదేళ్ల పిల్ల తొక్కే 20 అంగుళాల సైకిల్ 12, ఆరేళ్లవాడి 16 అంగుళాల సైకిల్ 10 కిలోల దాకా తూగుతాయి. నాలుగూ కలిపితే 55 కిలోలు. వాటిని పట్టే క్యారియర్ల బరువు అదనం. చాలా చిన్న కార్లకు టాప్ మోయగల బరువును కంపెనీలు 50 నుంచి 75 కిలోల మధ్యే పెడతాయి, క్యారియర్ బరువు కూడా అందులోదే. మీ కారుకి ఎంతన్నది మాన్యువల్‌లో చూడాలి తప్ప షాపువాణ్ణి అడిగి లాభం లేదు. టాప్ మీద నలుగురు ఎక్కి కూర్చున్నా ఏం కాదనేవాళ్లు ఆగి ఉన్న కారు గురించి చెబుతున్నారు. వేగం 40 నుంచి 80కి పెరిగితే గాలి తోపు నాలుగింతలవుతుంది. పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది, ఘాట్ మలుపుల్లో కారు ఊగడమూ పెరుగుతుంది. ఇక ఎత్తు. మీటరున్నర కారు మీద మీటరు దాటిన సైకిల్ నిలబెడితే మొత్తం రెండున్నర మీటర్లు మించిపోతుంది. అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు పేరు. దాదాపు తొమ్మిది వందలని లెక్క. బస్సులు తిరిగే రోడ్డు నడిమధ్యలో ఏ కొమ్మా తగలదు గానీ, ఎదురొచ్చే లారీకి దారిచ్చి అంచుకి దిగితే ఆ భరోసా ఉండదు. అంతకన్నా పెద్ద గండం తిరుగు ప్రయాణంలో, సొంత సెల్లార్ దగ్గర. పైన సైకిళ్లున్న సంగతి మరిచిపోయి, అలసటలో ర్యాంపు దిగితే బీము తగులుతుంది.

వెనక్కి వద్దాం. డిక్కీ తలుపుకి పట్టీలతో బిగించే క్యారియర్లు సాధారణంగా మూడు సైకిళ్లు, 45 కిలోల వరకు మోస్తాయి. పిల్లలవి రెండు, పెద్దది ఒకటి కలిపితే 39 కిలోలు. వెడల్పు లెక్కా ఇక్కడే కుదురుతుంది. పెద్ద సైకిల్ పొడవు సుమారు 1.75 మీటర్లు, చిన్న కారు వెడల్పు 1.7 దగ్గర. ముందు చక్రం తీసేస్తే సైకిల్ కారు అంచుల లోపలే ఇముడుతుంది. పిల్లలవి తీయకుండానే ఇముడుతాయి. అనుమతించిన హద్దు దాటి సామాను పక్కలకు పొడుచుకొస్తే 20 వేల రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అది లారీల కోసం పెట్టిన నిబంధన అని కొందరు వాదిస్తారు. చట్టంలో రాసింది మాత్రం మోటారు వాహనం అనే. పైగా జరిమానా సంగతి ఎలా ఉన్నా, పక్కకి పొడుచుకొచ్చిన హ్యాండిల్ తగిలేది మెహదీపట్నంలో పక్కనుంచి దూరే స్కూటర్‌వాడికే.

వెనక కడితే నంబరు ప్లేటు, లైట్లు మూసుకుపోతాయన్నది గట్టి అభ్యంతరమే. బ్రిటన్‌లో ఇంకో నంబరు ప్లేటు, లైట్లు ఉన్న బోర్డును సైకిళ్ల వెనక తగిలిస్తారు. కానీ 2019 ఏప్రిల్ నుంచి మన కొత్త వాహనాలకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటు ఇష్టమొచ్చినచోట ఇంకొకటి చేయించుకునేది కాదు. కాబట్టి ప్లేటు కనబడేంత పైకే సైకిళ్లు వేలాడదీయాలి. మూడూ పెద్దవైతే అది కుదరదు, చిన్నవి రెండుంటే కుదురుతుంది. బయల్దేరే ముందు ఒకరు బ్రేకు, ఇండికేటర్ వేస్తుంటే మరొకరు పది అడుగులు వెనక్కి నిలబడి చూస్తే తేలిపోతుంది. సైలెన్సర్ గొట్టం ఎదురుగా టైరు వేలాడకుండా చూసుకోవాలి, వేడికి రబ్బరు పాడవుతుంది. అద్దం పైన ప్లాస్టిక్ స్పాయిలర్ ఉన్న కారుకైతే పై కొక్కేలు పడతాయో లేదో కొనకముందే చూసుకోవాలి. వేలు పోసి క్యారియర్ కొనడమెందుకు, బేగంబజార్ నైలాన్ తాడు చాలదా అంటారు. నైలాన్ సాగుతుంది, కుదుపులకు ముడి వదులవుతుంది. రాచెట్ పట్టీలు కూడా మొదటి ఇరవై కిలోమీటర్లలో కొంత సడలుతాయి కాబట్టి అప్పా జంక్షన్ దగ్గర ఆపి మళ్లీ బిగించాల్సిందే.

అసలు మోసుకెళ్లడమెందుకు, అక్కడే అద్దెకు తీసుకోవచ్చు కదా అనేవాళ్ల మాటలో సగం న్యాయం ఉంది. అద్దెకిచ్చేచోట ఎక్కువగా ఉండేవి పెద్దల సైకిళ్లే. ఆరేళ్లవాడి కాలు నేలకి ఆనే సైకిల్ అక్కడ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే కారులో చోటు ముందు పిల్లలవాటికి. నాంపల్లి స్టేషన్ పక్కనే ఉంది, వికారాబాద్ రైలుమార్గం మీదే ఉంది, పెద్దల సైకిళ్లు లగేజీగా బుక్ చేయొచ్చు నిజమే. కానీ ఎవరో ఒకరు ఆ రైల్లో వెళ్లి, వికారాబాద్‌లో దించుకుని, కొండ దాకా చేర్చాలి. రెండు రోజుల సెలవులో సగం పూట దానికే పోతుంది.

మరి రెండో పెద్దమనిషి ఏం తొక్కాలి? ఆరేళ్లవాడు అనంతగిరి ఎగుడు దిగుళ్లలో ఎలాగూ ఎక్కువసేపు తొక్కలేడు. వాడు అలిసిపోయినచోటికి కారు తీసుకురావడానికి ఒకరుండాలి. సీటు ఎత్తు చేత్తోనే మార్చుకునే సైకిల్ అయితే అమ్మానాన్నలు పూటకొకరు తొక్కుకోవచ్చు.