దిబ్బరొట్టె చెప్పిన రహస్యం

పెరట్లో మట్టితో ఓవెన్ కట్టి ఇంట్లోనే పిజ్జా కాల్చుకుందామని మా అమ్మాయి ప్రతిపాదించినప్పుడు ఇంటిల్లిపాదికీ ఉత్సాహం కలిగింది, ఒక్క మా అమ్మకు తప్ప.

"ముప్ఫై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నాను. నా కళ్లూ, ఊపిరీ సగం ఆ పొగకే పోయాయి. గ్యాసు వచ్చిన రోజున బతికిపోయాననుకున్నాను. మళ్లీ కట్టెలు తెచ్చి పెరట్లో పేరుస్తానంటావేమిట్రా?" అన్నది.

ఆ మాటకు సమాధానం చెప్పడం సులభం కాదు. మా ఇంటికి గ్యాసు పొయ్యి 1986లో వచ్చింది. అంతకు పూర్వం తెల్లవారుజామున వంటింట్లోంచి వినిపించే ఆమె దగ్గే మాకు మేలుకొలుపు. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. చలికాలం వస్తే ఇప్పటికీ ఆయాసం వదలదు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఇళ్లలోని వంటపొగ వంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కట్టెల పొయ్యి నుంచి విముక్తి కోసం తన తరం స్త్రీలు ఎంతగా ఎదురుచూశారో ఎరిగిన మనిషికి, వేడుక కోసం కట్టెలు కాల్చడం వింతగానే తోస్తుంది.

చివరకు ఒక ఒప్పందం కుదిరింది. ఓవెన్ ఇంటికి దూరంగా, పెరటి చివర, గాలివాలుకు ఉండాలి. పొగ ఇంట్లోకి వచ్చిన మరునాడు దానిని పడగొట్టాలి.

పిజ్జా అనగానే మనకు నగరాల్లోని దుకాణాలు గుర్తుకు వస్తాయి. దాని పుట్టినిల్లు ఇటలీ దక్షిణ భాగంలోని నేపుల్స్ నగరం. ఆ సమీపంలోనే క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయీ పట్టణం ఉన్నది. అక్కడి తవ్వకాల్లో బయల్పడిన రొట్టెల దుకాణాలలో ఇటుకలతో కట్టిన గుమ్మటపు ఓవెన్లు నేటికీ నిలిచి ఉన్నాయి. రెండువేల ఏళ్లు గడిచినా వాటి ఆకారానికీ, నేటి నేపుల్స్ పిజ్జా ఓవెన్ ఆకారానికీ చెప్పుకోదగిన భేదం లేదు. 2023లో అక్కడే ఒక గోడమీద, పళ్లేలో చదునైన రొట్టె ఉన్న చిత్రం బయటపడింది. అది పిజ్జా అని కొందరు సంబరపడ్డారు గాని, పురాతత్త్వవేత్తలు ఆ మాట ఒప్పుకోలేదు. టమోటా అమెరికా ఖండం నుంచి యూరపుకు వచ్చినది పదహారవ శతాబ్దంలో గదా!

నేపుల్స్‌లో పిజ్జా నిరుపేదల తిండి. ఇరుకు గదుల్లో కాపురముండేవారికి ఓవెన్ అనేది అందని వస్తువు. కనుక వారు పిజ్జాను వీధిలో కొనుక్కుని నిలబడే తినేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం నూనెలో వేయించిన పిజ్జాను ఈ రోజు తిని ఎనిమిదో రోజున డబ్బు ఇచ్చే పద్ధతి మీద అమ్మేవారు. 1954లో విట్టోరియో డి సికా తీసిన 'నేపుల్స్ బంగారం' అనే చిత్రంలో సోఫియా లారెన్ అటువంటి పిజ్జాలమ్మే స్త్రీ పాత్రనే ధరించింది. 1889లో మార్గరీటా రాణికోసం ఎస్పొజీటో అనే వంటవాడు మూడు రంగుల పిజ్జా చేశాడన్న కథ ఎక్కువ ప్రచారంలో ఉన్నది. ఆ కథకు ఆధారంగా చూపే ఉత్తరాన్ని చరిత్రకారులు శంకిస్తున్నారు. కథ నిజమైనా కాకపోయినా, పిజ్జా అప్పటికే ఉన్నది. రాణిగారు లేకపోయినా ఉండేది.

మా ఓవెన్ విషయానికి వస్తే, మేము పుస్తకాలు చదివి, మా ఊరి తాపీమేస్త్రిని పిలిచాము. నడుమెత్తు రాతి దిమ్మె కట్టి, దానిమీద ఊకబూడిద మందంగా పరిచాడు. ఊకబూడిద వేడిని కిందికి జారిపోనివ్వదు. రైస్ మిల్లు ఉన్న ఊళ్లో దానికి ఖరీదు లేదు. పైన కొలిమికి వాడే ఇటుకలు పరిచి, వాటి మీద తడి ఇసుకను గుమ్మటంలాగా పోశాడు. ఇసుక కుప్పకు తడిపిన వార్తాపత్రికలు అంటించి, పుట్టమన్నూ, ఇసుకా, తరిగిన వరిగడ్డీ కలిపి తొక్కిన మట్టిని నాలుగంగుళాల మందాన మెత్తాడు. మట్టి గట్టిపడిన తరువాత ముందువైపు ద్వారం కోసి, లోపలి ఇసుకను తోడివేశాడు. కాగితం కనిపించిన చోట ఆగాలి, అదే గుర్తు.

కొలతల్లో ఒక కిటుకు ఉన్నది. గుమ్మటం లోపలి ఎత్తులో ద్వారం ఎత్తు సుమారు 63 శాతం ఉండాలని ఓవెన్లు కట్టేవారి అనుభవం. మా గుమ్మటం లోపలి ఎత్తు పదహారు అంగుళాలు, కనుక ద్వారం పది అంగుళాలు. ద్వారం అంతకంటె పెద్దదైతే వేడి పారిపోతుంది. చిన్నదైతే మంటకు గాలి చాలక పొగ కమ్ముతుంది. చల్లని గాలి ద్వారం కింది భాగం నుంచి లోపలికి పోతుంది, వేడిపొగ అదే ద్వారం పైభాగం నుంచి బయటికి వస్తుంది. అందుచేత పొగగొట్టాన్ని వెనుక కాక ద్వారం ముందు పెడతారు. మా మేస్త్రి ఇది నమ్మలేదు. "పొగగొట్టం వెనక లేని పొయ్యి నేనెక్కడా చూడలేదండీ" అన్నాడు. కట్టి ముట్టించిన తరువాత నమ్మాడు.

తొందరపాటు మాది. పచ్చిమట్టి కనీసం మూడు వారాలు నీడన ఆరాలి. ఆపైన రోజుకొక చిన్న మంట వేస్తూ వారం రోజులు లోపలి తేమను మెల్లగా వెళ్లగొట్టాలి. అమ్మాయి సెలవులు అయిపోతున్నాయన్న ఆత్రంతో తొమ్మిదో రోజునే పెద్ద మంట వేశాము. గోడలో మిగిలిన నీరు ఆవిరై దారి వెతుక్కున్నది. గుమ్మటం నెత్తిన చెయ్యి పట్టేంత పగులు వచ్చింది. అమ్మ వరండాలో నుంచి చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. పగుల్లో పల్చని మట్టి పూసి, మళ్లీ మొదటి నుంచీ ఆరబెట్టాము.

పిండి విషయంలో నేపుల్స్ వారి నియమాలు కఠినమైనవి. 2010లో యూరపు సమాజం ఈ పిజ్జా తయారీ పద్ధతికి చట్టరీత్యా గుర్తింపు ఇచ్చింది. ఆ నిబంధనల ప్రకారం లీటరు నీటికి సుమారు కిలో ఎనిమిది వందల గ్రాముల పిండి, యాభై గ్రాముల పైచిలుకు ఉప్పు, మూడు గ్రాముల ఈస్ట్. నూనె లేదు, పంచదార లేదు. ఉండ బరువు 180 నుంచి 250 గ్రాములు. ఓవెన్ నేల వేడి సుమారు 485 డిగ్రీల సెంటీగ్రేడు. కాలే సమయం అరవై నుంచి తొంభై సెకన్లు. 2017లో ఆ నగరపు పిజ్జా పనివారి కళను యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మా గోదావరి ఎండల్లో మూడు గ్రాముల ఈస్ట్ వేస్తే పిండి గిన్నె దాటి పారిపోయింది. ఒక్క గ్రాముకు తగ్గించి, కుండలోని చన్నీళ్లతో కలిపిన తరువాత గాని దారికి రాలేదు. మన టమోటాల్లో నీరు ఎక్కువ. గింజ తీసి, చిదిమి, పల్చని గుడ్డలో వడగట్టాలి, ఉడికించకూడదు. జున్ను వంటి మొజరెల్లా అక్కడ గేదెపాలతోనూ చేస్తారు. గేదెపాలకు మా ఇంట్లో కొరత లేదని నా భార్య పనీరు చేసి వేసింది. పులుపుతో విరిచిన పనీరు ఎంత వేడికీ కరగదని ఆనాడు తెలుసుకున్నాము. చివరకు మొజరెల్లాను పట్నం నుంచి తెప్పించాము. ఇక పైన వేసే ఆకు తులసికి దగ్గరి చుట్టం. అమ్మాయి కోట దగ్గరికి వెళ్లబోగా అమ్మ కేకేసింది: "తులసమ్మను తుంచి నిప్పులో వేస్తావుటే?" సబ్జా గింజలిచ్చే రుద్రజడ ఆ ఆకేనని ఒక వైద్యుని పుస్తకంలో దొరికి గండం గడిచింది.

మొదటి పిజ్జా కాల్చిన సాయంకాలం నాకు బాగా గుర్తు. రెండు గంటలసేపు మంట వేశాము. నిప్పులు పక్కకు తోసి, నేల ఊడ్చి, పొడవాటి చెక్క తెడ్డుతో పిజ్జాను లోపలికి జార్చాము. ఒకటిన్నర నిమిషంలో అడుగు బొగ్గయింది. పైన పిండి తెల్లగా, టమోటా పచ్చిగా, జున్ను చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండోదీ అంతే. నేల వేడి ఎక్కువైందని మూడోదానికి ముందు అరగంట ఆగాము. ఈసారి అడుగు మాడలేదు గాని, పది నిమిషాలు ఉంచవలసి వచ్చి మొత్తం బిస్కెట్టులాగా ఎండిపోయింది.

అప్పుడు అమ్మ కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఓవెన్‌కు నాలుగు గజాల దూరంలో, గాలికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నది. లోపలికి తొంగిచూసి, "మంట ఏదిరా?" అని అడిగింది.

"నిప్పులున్నాయి గదమ్మా, పక్కన."

"దిబ్బరొట్టె వేసేటప్పుడు మూత మీద నిప్పులు ఎందుకు పోస్తాం?"

దిబ్బరొట్టె ఎరుగని పాఠకుల కోసం ఒక మాట. మినప్పిండీ బియ్యపు రవ్వా కలిపి, మందపాటి గిన్నెలో రెండంగుళాల ఎత్తున పోసి, మూతపెట్టి, కిందా మీదా నిప్పులతో కాల్చే రొట్టె ఇది. గోదావరి, కృష్ణా జిల్లాలలో పాతకాలపు ఇళ్లకు ఫలహారం. మూత మీద నిప్పు లేకపోతే అడుగు మాడి, పైన పచ్చిగా మిగులుతుంది. సరిగ్గా మా పిజ్జాకు పట్టిన గతి.

ఆ రెండు పొత్తుల వేడి సంగతి మేము చదివిన పుస్తకాల్లోనూ ఉన్నది, మా తలకెక్కలేదంతే. పిజ్జా అడుగును కాల్చేది ఇటుక నేల. పైభాగాన్ని కాల్చేది గుమ్మటం నుంచి ప్రసరించే వేడి, దానితోపాటు గుమ్మటాన్ని నాకుతూ ద్వారం వైపు పారే సజీవమైన మంట. నిప్పులు ఎంత ఎర్రగా ఉన్నా ఆ పని చేయలేవు. పిజ్జా లోపల ఉన్నంతసేపూ పక్కన చిన్న మంట నాలుకలు చాస్తూనే ఉండాలి. అప్పుడే పిండిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై, పొడిబారకముందే అంచు బుగ్గలాగా ఉబ్బుతుంది. రెండు పక్కలా ఒకేసారి కాలుతుంది. ఇంట్లోని కరెంటు ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీలు దాటదు. అందులో ఈ పొంగు రాకముందే తేమ పోతుంది.

సన్నగా చీల్చిన ఎండు సరుగుడు పుల్లలు రెండు నిప్పులమీద వేశాము. మంట లేచి గుమ్మటం కప్పును తాకింది. "ఇప్పుడు పిండి చల్లి చూడు" అన్నది అమ్మ. ఇటుకమీద చిటికెడు పిండి చల్లితే వెంటనే నల్లబడింది. తడిగుడ్డ కర్రకు చుట్టి నేలను ఒకసారి తుడవమన్నది. మళ్లీ చల్లితే మెల్లగా గోధుమరంగుకు తిరిగింది. మా అమ్మాయి దగ్గర వేడిని దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉన్నది. అది 430 చూపించింది. నాలుగో పిజ్జా నూట పది సెకన్లలో అంచులు పొంగి, అక్కడక్కడ చిరుతపులి మచ్చలతో బయటికి వచ్చింది. అమ్మ ఒక ముక్క తిని, "ఉప్పు చాల్లేదు" అన్నది. నిజమే, చాలలేదు.

పొగ మాట మిగిలిపోయింది. ఓవెన్ ముట్టించిన మొదటి అరగంట పొగ రాక తప్పదు. గుమ్మటం లోపల మసి పట్టి నల్లబడుతుంది. వేడి 350 డిగ్రీలు దాటిన తరువాత ఆ మసి తానే కాలిపోయి గోడ తెల్లబడుతుంది. ఆ తెలుపే ఓవెన్ సిద్ధమైన గుర్తు, అప్పటి నుంచి కంటికి పొగ దాదాపు కనిపించదు. కంటికి కనిపించనంత మాత్రాన ఏమీ లేదని కాదు. సూక్ష్మధూళి ఉంటూనే ఉంటుంది. నేపుల్స్ సమీపంలోని సాన్ విటాలియానో అనే చిన్న ఊరిలో గాలి పాడవుతున్నదని, వడపోత సాధనం లేని కట్టెల పిజ్జా ఓవెన్లను 2015 డిసెంబరులో నిషేధించారు. పిజ్జా పుట్టినింటి వాకిట్లోనే ఈ పని జరిగింది! మన దేశంలో బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో ఆ నగరపు బేకరీలు కట్టెలూ బొగ్గూ మాని ఆరు నెలల్లో గ్యాసు వంటి ఇంధనాలకు మారాలని ఆదేశించింది. పావ్ రొట్టెల రుచి పోతుందని కొందరు వాపోయారు. ఆ బట్టీల ముందు రోజంతా నిలబడే పనివాని ఊపిరితిత్తులను తలచుకుంటే నాకు ఆ వాపోవడంలో పాలుపంచుకోవాలని అనిపించలేదు.

మా విషయంలోనూ ఒక సంఘటన జరిగింది. రెండో నెలలో, వానకు తడిసిన మామిడి కట్టెలు వేసి ముట్టించాము. పక్కింట్లో పసిబిడ్డ ఉన్నది. వారు కిటికీలు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఒక్క మాట కూడా అనలేదు. అమ్మకు ఆ చప్పుడు మాకంటె ముందు వినిపించింది. వెంటనే మంట ఆర్పించింది. ఆ రాత్రి పిండి ఉండలన్నీ పెనం మీద రొట్టెలయ్యాయి.

ఆ తరువాత కట్టెల బాధ్యత ఆమే తీసుకున్నది. చీల్చి, ఏడాదిపాటు పాక కింద ఆరిన కట్టె తప్ప ఓవెన్‌లోకి పోరాదు. రంగు వేసిన చెక్క, పాత తలుపు ముక్కలు అసలే పనికిరావు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి తాటించి ఖణేల్‌మంటే సరే, దబ్బుమంటే వెనక్కి పంపుతుంది. కుప్పను అడుగున ముట్టించక, పైన ముట్టించి మంటను కిందికి దిగనిస్తే పొగ తగ్గుతుందని మాకు చూపినదీ ఆమే. ముట్టించే ముందు పక్కింటివారికి కబురు చేస్తాము. నెలకు ఒక్కసారి మాత్రమే ముట్టిస్తాము.

పిజ్జాలు అయిపోయిన తరువాత ద్వారానికి చెక్కపలక అడ్డంపెడితే లోపలి వేడి మెల్లగా దిగుతూ గంటల తరబడి నిలుస్తుంది. మొన్నటి నెలలో అందరం చేతులు కడుక్కుంటుండగా అమ్మ ఒక మట్టికుండ నిండా గేదెపాలు తెప్పించి లోపల పెట్టించింది. పూర్వం మా ఇంట్లో పిడకల దాలి ఉండేది. అందులో పొద్దస్తమానం కాగిన పాలు ఎర్రగా మారి, పైన చేతికి అంటేంత మీగడ కట్టేవి. దాలి పూడ్చివేసి నలభై ఏళ్లయింది. రాత్రి పదిన్నరకు పలక తీయించి, లాంతరు దగ్గరికి పట్టి చూసింది. మీగడ ఇంకా పసుపురంగులోనే ఉన్నది.

"ఇంకో గంట ఉండనీ" అని తానే పలక సర్దింది.