తుపాకిమందుకు తూకం.. టపాసుకు వేళ

దీపావళి సమీపిస్తే బాణసంచా దుకాణాలు బజారు వీధులను వదిలి పాఠశాల, కళాశాల మైదానాలకు తరలుతాయి. ఊరి నడుమ అమ్ముకోనివ్వరేమని వ్యాపారులు, టపాసుల కోసం అంత దూరం వెళ్లాలా అని కొనుగోలుదారులు ఏటా విసుక్కోవడం పరిపాటి. అధికారుల మొండితనంగా తోచే ఈ కట్టడి వెనుక, కాలి బూడిదైన పట్టణాల అనుభవం ఉంది. ఆ అనుభవం చట్టంగా ఎలా మారిందో పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా పట్టణాల శాసనాలు స్పష్టంగా చూపుతాయి.

కొయ్య ఇళ్ల నడుమ మందు

వేటకు, ఆత్మరక్షణకు, పౌరసేన విధులకు నాటి అమెరికాలో ఇంట తుపాకి ఉంచుకోవడం సాధారణం. తుపాకి ఉన్నచోట మందూ ఉంటుంది. సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమమైన ఆ మందుకు ఒక్క నిప్పురవ్వ చాలు. కొయ్య ఇళ్లు ఒత్తుగా అల్లుకున్న బోస్టన్‌లో 1760 మార్చి 20న చెలరేగిన అగ్నికి 349 భవనాలు ఆహుతయ్యాయి. అటువంటి పట్టణంలో ఒకరి అటకపై ఉన్న మందు వీధివారందరికీ ప్రాణాపాయమే.

అందుకే పట్టణాలు నిబంధనలను విధించాయి. ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదాల నివారణకు 1721లో చేసిన చట్టం, గవర్నరు ప్రత్యేక అనుమతి లేకుండా తుపాకి పేల్చినా, బాణసంచా తయారుచేసినా, అమ్మినా అయిదు షిల్లింగుల జరిమానా నిర్దేశించింది. చీకటి పడిన తర్వాత వీధుల్లో, పానశాలల్లో తుపాకి పేల్చరాదని రోడ్ ఐలండ్ 1731లో శాసించింది. న్యూయార్క్ నగరంలో 1784 నాటి చట్టం ప్రకారం ఇంట ఉంచుకోదగిన మందు 28 పౌన్లు, అంటే 12 కిలోలకు కొంచెం పైన. దానినీ నాలుగు రాతి జాడీల్లోనో, రేకు డబ్బాల్లోనో విడివిడిగా భద్రపరచాలి. నూతన సంవత్సర వేడుకల్లో తుపాకులు, టపాసులు కాల్చే అలవాటును అరికట్టేందుకు డిసెంబరు 31, జనవరి 1, 2 తేదీల్లో వాటిని నిషేధిస్తూ 1785లో మరో చట్టం వచ్చింది.

ఈ శాసనాలు తుపాకిని గానీ, మందును గానీ పూర్తిగా నిషేధించలేదు. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు మాత్రం కచ్చితమైన హద్దులు గీశాయి.

ఆర్పేవారి ప్రాణాలకు రక్ష

వీటిలో ప్రత్యేకంగా పేర్కొనదగినది బోస్టన్ కోసం 1783లో చేసిన చట్టం. మందు దట్టించిన తుపాకిని, ఫిరంగిని, బాంబును పట్టణంలోని ఏ ఇంటిలోనూ, కొట్టులోనూ, దుకాణంలోనూ ఉంచరాదని అది ఆదేశించింది. ఉల్లంఘిస్తే పది పౌండ్ల జరిమానా. అగ్నిప్రమాదాల వేళ జనాన్ని నడిపించే ‘ఫైర్‌వార్డు’లకు ఆ ఆయుధాలను స్వాధీనం చేసుకొనే అధికారం ఇచ్చారు. న్యాయస్థానం అనుమతిస్తే వాటిని బహిరంగ వేలంలో అమ్మేవారు.

కారణాన్ని చట్టం పీఠికలోనే వివరించారు. ఇళ్లలో దట్టించి ఉంచిన ఆయుధాలు, మంటలను ఆర్పేందుకు ముందుకు వచ్చేవారి ప్రాణాలకు ముప్పు అన్నదే దాని సారాంశం. ఇరుగుపొరుగువారు బకెట్లతో పరుగెత్తివచ్చి మంటలార్పే రోజులవి. తలుపు అవతల పేలేది ఉందన్న భయం ఉంటే సాయానికి వచ్చేవారెవరు? ఇంటి యజమాని స్వేచ్ఛ కంటే, ఆ ఇంటిని కాపాడేందుకు వచ్చేవాని ప్రాణానికే చట్టం పెద్దపీట వేసింది.

న్యాయస్థానంలో పాత శాసనాలు

ఈ చట్టాలు పురావస్తువులుగా మిగిలిపోలేదు. వాషింగ్టన్ నగరంలో చేతి తుపాకుల నిషేధంపై నడిచిన హెల్లర్ కేసులో 2008లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పి ఆ నిషేధాన్ని కొట్టివేసింది. పట్టణాలకు ఆంక్షలు విధించే అధికారం మొదటి నుంచీ ఉందని చెప్పేందుకు జస్టిస్ బ్రయర్ తన అసమ్మతి తీర్పులో బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా శాసనాలను ఉదహరించారు. అవి అగ్నిప్రమాదాల నివారణకు ఉద్దేశించినవే తప్ప ఇంట ఆత్మరక్షణను కాదన్నవి కావని ఆధిక్య తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా బదులిచ్చారు. ఆయుధాలపై నేటి ఆంక్షలు చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలని 2022లో బ్రూయెన్ కేసులో ఆ న్యాయస్థానం నిర్దేశించడంతో పాత పట్టణ చట్టాల ప్రాధాన్యం మరింత పెరిగింది. నాటి చట్టానికి అచ్చమైన నకలు అవసరం లేదని, మూలసూత్రం కలిస్తే చాలని 2024లో రహీమీ కేసులో వివరణ ఇచ్చింది.

మన మైదానాల్లోనూ అవే కొలతలు

భారతదేశంలో పేలుడు పదార్థాల చట్టం బ్రిటిష్ పాలనలో 1884లో వచ్చింది. దాని కింద రూపొందిన 2008 నాటి నిబంధనల్లోనూ ఆ మూడు ప్రశ్నలకే సమాధానాలు కనిపిస్తాయి. పండగ వేళ పెట్టే తాత్కాలిక దుకాణాలను మండని సామగ్రితో నిర్మించాలి. దుకాణానికీ దుకాణానికీ నడుమ కనీసం 3 మీటర్లు, నివాసాల వంటి రక్షిత కట్టడాలకు 50 మీటర్ల ఎడం ఉండాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండరాదు. ఒకేచోట 50కి మించరాదు. నూనె దీపాలు, బహిరంగ మంటలు దరిదాపుల్లో కూడదు. కాల్చే వేళలపైనా సుప్రీంకోర్టు హద్దులు విధించింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్దం చేసే టపాసులు వద్దని 2005లో, దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలని 2018లో ఆదేశించింది.

మూడు మీటర్ల ఖాళీ వ్యాపారికి వృథా జాగాగా కనిపించవచ్చు. ఒక దుకాణం అంటుకున్నప్పుడు పక్కది దక్కడానికీ, కొన్నవారు బయటపడడానికీ, అగ్నిమాపక సిబ్బంది లోనికి వెళ్లడానికీ మిగిలే దారి అదే. నాడు బోస్టన్ శాసనకర్తలు ఆలోచించింది ఆ దారి గురించే.