చవుక చేపలోని పుష్టి: కవళ్ళు, కానాగంతలు వండుట, వడ్డించుట

సముద్రతీరపు చేపల బజారున రెండు తరగతుల చేపలు కనిపించును. వంజరము, చందువ వంటివి బల్లలపై వేరుగా నుంచి హెచ్చు వెలకు అమ్ముదురు. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు గంపలలో రాసులుగా పోసి చవుకగా అమ్ముదురు. వెల హెచ్చయినదానియందే సారము హెచ్చని పలువురు తలంతురు. చేపల విషయమున ఈ తలంపు సరియైనది కాదు. గంపలోని చిన్నచేపకు బల్లమీది పెద్దచేపకు లేని గుణములు కొన్ని కలవు. వానిని తెలిసికొని, సరిగా కొని, సరిగా వండి, ఇంటిల్లిపాదికి సమముగా వడ్డించినచో స్వల్పవ్యయముతో కుటుంబమునకు మంచి పుష్టి చేకూరును.

నూనెగల చేపలు ఎవ్వి?

కొన్ని జాతుల చేపలు తమ కొవ్వును కాలేయమునందే దాచుకొనును. వాని కండ తెల్లగా, కొవ్వు లేకుండ నుండును. మరికొన్ని జాతులలో కొవ్వు కండయంతటను వ్యాపించి, చర్మము క్రిందను పొట్టభాగమునను హెచ్చుగా నుండును. ఇవియే నూనెగల చేపలు. కవళ్ళు, కానాగంతలు, పులస, సూర చేపలు ఈ తరగతికి చెందినవి. కవళ్ళను కేరళమున మత్తి యనియు చాళ యనియు పిలుతురు. కానాగంతకు కేరళమున అయల యనియు, కొంకణ తీరమున బాంగ్డా యనియు పేరు. గోదావరికి వరదకాలమున ఎదురెక్కి వచ్చు పులసయే వంగదేశీయుల ఇలిష్.

ఈ కొవ్వు సంవత్సరమంతయు ఒకేరీతిగా నుండదు. పడమటి తీరమున కవళ్ళు వానకాలమున గ్రుడ్లు పెట్టి బక్కచిక్కును. వానలు వెనుకబట్టిన పిమ్మట సముద్రమున మేత సమృద్ధిగా దొరకి మరల కొవ్వుపట్టును. ఆ దినములలో కొన్న కవళ్ళకు రుచియు, సారమును హెచ్చు.

ఒమేగా-3 యనబడు కొవ్వు ఆమ్లములు ఈ నూనెలో సమృద్ధిగా నున్నవి. వీనిని మొదట తయారుచేయునది చేప కాదు. సముద్రజలమున తేలియాడు కంటికి కనరాని నాచుజాతి సూక్ష్మజీవులు వీనిని కల్పించును. చిన్నచేపలు ఆ జీవులను నేరుగా తినియో, వానిని తిన్న జలచరములను తినియో ఈ కొవ్వును కూడబెట్టుకొనును.

దేహమునకు గల ఉపయోగము

ఒమేగా-3 కొవ్వులలో డి.హెచ్.ఏ. యనునది మెదడు నిర్మాణమునను, కంటిలోని నేత్రపటలమునను ముఖ్యభాగము. గర్భమునందలి శిశువునకు ఇది తల్లి రక్తమునుండియు, చంటిబిడ్డకు తల్లిపాలనుండియు అందవలెను. కనుక గర్భిణీస్త్రీకిని, బాలింతకును ఈ ఆహారము మిక్కిలి అవసరము.

గుండె విషయమునను ఈ చేపలు శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించినవి. డెన్మార్కు శాస్త్రజ్ఞులు బాంగ్, డయర్‌బెర్గ్ అనువారు గ్రీన్‌లాండ్ ఎస్కిమోల రక్తమును పరీక్షించి 1971లో తమ పరిశీలనలను ప్రకటించిరి. తరువాత వేల్స్ దేశమున గుండెపోటునుండి కోలుకొన్న 2,033 మంది పురుషులపై ఒక పరిశోధన జరిగి, 1989లో ప్రకటితమైనది. వారమునకు కనీసము రెండు మారులు నూనెగల చేప తినుడని సలహా పొందినవారిలో రెండేండ్ల కాలమున మరణములు తక్కినవారికంటె సుమారు 29 శాతము తక్కువగా నుండెను. అయితే, గుండెనొప్పి గల రోగులపై జరిపి 2003లో ప్రకటించిన మరియొక పరిశోధనలో అట్టి మేలు కానరాలేదు. కావున చేపను ఔషధముగా భావింపరాదు. వైద్యుడిచ్చిన మందులు మాని చేపపై ఆధారపడుట ప్రమాదకరము. నేతితోను, కొవ్వు మాంసముతోను చేసిన వంటకమునకు బదులుగా చేపను తినుట మాత్రము మంచి అలవాటు.

ఒమేగా-3 ఒక్కటియే కాదు. 100 గ్రాముల చేపలో 18 నుండి 20 గ్రాముల వరకు మేలైన మాంసకృత్తులుండును. ఇవిగాక డి విటమిను, బి-12 విటమిను, అయోడిను లభించును. నెత్తళ్ళవంటి చిన్నచేపలను మెత్తని ముండ్లతో సహా తిన్నచో ఎముకలకు కావలసిన కాల్షియము చేకూరును.

ఎంత తినవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఆహార వ్యవసాయ సంస్థయు 2008లో జరిపిన నిపుణుల సమావేశము వయోజనులకు ఒమేగా-3 కొవ్వులలో ఇ.పి.ఏ., డి.హెచ్.ఏ. అను రెండును కలిపి దినమునకు కనీసము 250 మిల్లీగ్రాములు ఉండుట మేలని తెలిపినది. అనగా వారమునకు 1,750 మిల్లీగ్రాములు. కొవ్వుపట్టిన కవళ్ళయందు 100 గ్రాములకు ఒక గ్రాము, అంతకు మించియు ఈ కొవ్వు లుండును. కాబట్టి వారమునకు రెండు మారులు, మారునకు 100 గ్రాముల వంతున తిన్నచో ఈ అవసరము తీరును. ప్రతిదినము తినవలసిన పని లేదు.

కొనుట, భద్రపరచుట

ఈ చేపలతో మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన ఘట్ట మిదియే. కవళ్ళు, కానాగంతలు, సూర చేపల కండలో హిస్టిడిన్ అను పదార్థము సహజముగా కలదు. చేపను వేడిమిలో ఉంచినచో సూక్ష్మజీవులు వృద్ధిచెంది దీనిని హిస్టమిన్ అను విషపదార్థముగా మార్చును. ఒకమారు హిస్టమిన్ పుట్టిన పిమ్మట దానిని ఎంత ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను నశింపదు. అట్టి చేపను తిన్నవారికి కొలది నిమిషములలోగాని, ఒకటి రెండు గంటలలోగాని ముఖము ఎఱ్ఱబారుట, దద్దురులు, తలనొప్పి, నోట మంట, వాంతులు కలుగును. ఊపిరి యాడుట కష్టమైనచో తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కొంచెము చెడిన చేపను పులుపు, కారము హెచ్చుగా వేసి వండిన దోషము పోవునని కొందరి నమ్మకము. దానివలన వాసన మరుగుపడును, విషము పోదు. దీనికి నివారణ మొక్కటే: పట్టినది మొదలు పొయ్యి నెక్కువరకు చేపను మంచులో నుంచుట. మన ఉష్ణదేశమున కిలో చేపకు సుమారు కిలో మంచు కావలెను.

మంచి చేప కన్నులు ఉబికి, తేటగా నుండును. మొప్పలు ఎఱ్ఱగా నుండును. వ్రేలితో నొక్కిన గుంట పడక కండ మరల పైకి లేచును. కన్నులు లోతుకు పోయి, మొప్పలు గోధుమవర్ణముగా మారి, పొట్ట పగిలినవానిని చవుకయని కొనరాదు. ఇంటికి తెచ్చిన వెంటనే మొప్పలను, పొట్టలోని భాగమును తీసివేసి, మంచినీట కడిగి వండుకొనవలెను. ఆలస్యమగునచో మంచులోగాని శీతలపేటికలోగాని ఉంచవలెను. కొవ్వు చర్మము క్రిందనే యుండును గనుక పొలుసు గీకవలెనేగాని తోలు తీసివేయరాదు.

వంట

చేపలోనే నూనె కలదు గనుక వంటకు నూనె తక్కువ చాలును. మరుగు నూనెలో ముంచి వేయించినపుడు చేప ఆ నూనెను పీల్చుకొనును. దాని స్వంతపు కొవ్వు కొంత మూకుడులోనికి పోవును. వేయించిన నూనెనే మరల మరల కాచి వాడుట ఆరోగ్యమునకు హానికరము. పులుసు, ఆవిరివంట, పెనముమీద కాల్చుట మేలైన పద్ధతులు.

పులుసు: అయిదుగురు గల కుటుంబమునకు ముప్పావు కిలో కవళ్ళు చాలును. తల, పొట్టలోని భాగము, ముల్లు పోగా తినదగినది సగమునకు కొంచెము మించి మిగులును. వెడల్పయిన గిన్నెలో రెండు మూడు చెంచాల నూనె కాచి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, దంచిన వెల్లుల్లి వేయించవలెను. పసుపు, కారము, ధనియాలు, జీలకఱ్ఱ, కొద్దిగా మెంతుల పొడి కలిపి, నిమ్మకాయంత చింతపండు పిసికిన రసము పోసి బాగుగా మరిగించవలెను. రసము చిక్కబడినపుడు చేపలను ఒకదానిప్రక్కన ఒకటి పేర్చి, సన్నని సెగపై పది పన్నెండు నిమిషములు ఉడికించవలెను. గరిటె పెట్టిన చేప విరిగిపోవును. గిన్నెను రెండు చేతులతో పట్టి మెల్లగా కుదుపవలెను. ఉప్పు మితముగా వేయవలెను. చేపలోని కొవ్వును సారమును కొంత పులుసులో దిగును గనుక దానిని పారబోయక అన్నమున కలుపుకొనవలెను.

ఆవిరివంట: వంగదేశమున ఇలిష్ ముక్కలకు ఆవముద్ద, పసుపు, పచ్చిమిరపకాయలు పట్టించి ఆవిరిపై ఉడికింతురు. అరటియాకులో చుట్టి వండుటయు కలదు. ఈ రీతిగా కానాగంతలను కూడ వండవచ్చును. నూనె ఖర్చు స్వల్పము. చేపలోని సారము ఆకులోనే నిలుచును.

చేపల పులుసు మరునాటికి రుచి హెచ్చునని తెలుగువారి అనుభవము. రాత్రి మిగిలినదానిని చల్లని చోట నుంచి, మరునాడు బాగుగా తెర్లునట్లు కాచి తినవలెను. ఎండకాలమున వండినదానిని రెండు గంటలకు మించి బయట నుంచరాదు.

వడ్డన

పెక్కు ఇండ్లలో పురుషులు ముందు భుజింతురు, పిల్లలు తరువాత. ఇల్లాలు చివర కూర్చుండు వేళకు గిన్నెలో పులుసు మాత్రమే మిగులును. ఆమె గర్భవతియో బాలింతయో అయినచో ఆ చేపముక్క నిజముగా అవసరమైనది ఆమెకే. కనుక వండిన వెంటనే ముక్కలను లెక్కించి, ఆమె భాగమును వేరుగా తీసియుంచుట మంచి పద్ధతి. అత్తగారుగాని, భర్తగాని ఈ శ్రద్ధ వహించినచో ఆమె అడుగవలసిన అవసరముండదు.

ఆరు నెలలు నిండి అన్నము మొదలుపెట్టిన శిశువునకు ముండ్లు పూర్తిగా తీసి, చేతితో మెదిపిన చేపను మెత్తని అన్నమున కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చును. ఎదిగిన పిల్లలకు పెద్దలే ముండ్లు ఏరి పెట్టవలెను. గొంతున ముల్లు గ్రుచ్చుకొనినచో అన్నపుముద్దలు బలవంతముగా మ్రింగించుట మంచిది కాదు. ముల్లు మరింత లోనికి దిగవచ్చును. వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

కొన్ని జాగ్రత్తలు

తీరప్రాంతములలో బాలింతలకు పాలు పడుటకై సొరపిట్టు పెట్టు ఆచారము కలదు. పెద్ద సొరచేపలు ఇతర చేపలను తిని బహుకాలము జీవించును గనుక వాని దేహమున పాదరసము కూడుకొనును. ఇది శిశువు మెదడునకు హానికరము. గర్భిణులును బాలింతలును పెద్ద సొరను మాని, అల్పకాలము జీవించు కవళ్ళు, నెత్తళ్ళు తినుట క్షేమము.

చేప తిని పాలు, పెరుగు పుచ్చుకొన్న బొల్లి వచ్చునన్న నమ్మకమునకు శాస్త్రాధారము లేదు. చేప సరిపడక ఒడలు దద్దురులెక్కువారు మాత్రము దానిని విడువవలెను. కీళ్ళను బాధించు గౌటు వ్యాధి గలవారు కవళ్ళు తినుటకు ముందు వైద్యుని సలహా పొందవలెను.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలపై వేట నిషేధముండును. ఆ దినములలో ఎండుచేపలు వాడువారు వానిని నీట నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కూరలో ఉప్పు తగ్గించవలెను. రక్తపుపోటు గలవారికి ఎండుచేప తగదు.

శాకాహారులకు అవిసెగింజలు, అక్రోటు, ఆవనూనెలలో మరియొక రకపు ఒమేగా-3 కొవ్వు లభించును. దేహము దానిని డి.హెచ్.ఏ.గా మార్చుకొనునది స్వల్పమే అయినను, నిత్యము కొంత వాడుట మేలు.

వారమునకు రెండు పూటలు, మంచులో నుంచిన తాజా చేప, గిన్నెడు పులుసు, అందరికి సమభాగము: ఇంతకు మించిన ఏర్పాటు అక్కరలేదు. గంపలోని కవళ్ళను చులకనగా చూడక కొనిన ఇంటికి తక్కువ ఖర్చుతో ఎక్కువ బలము దక్కును.