జబ్బుపడిన కార్మికునికి భృతి

మన గ్రామములనుండి అనేకులు సమీపమందలి మిల్లులలోను, కర్మాగారములలోను పనికి పోవుచున్నారు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలము సంసారము సాగును. పది దినములు మంచమెక్కినచో కూలి ఆగిపోవును, అప్పు తప్పదు. ఈ ఇక్కట్టును తొలగించుటకే ఇ.ఎస్.ఐ. అను కార్మిక రాజ్య బీమా ఏర్పడినది. 1948 నాటి చట్టము ననుసరించి 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఇది ప్రారంభమైనది.

పదిమంది లేక అంతకు మించి పనిచేయు కర్మాగారములకు ఇది వర్తించును. వేతన పరిమితి 2017 జనవరి నుండి నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. 2019 జూలైలో సవరించిన రేట్ల ప్రకారము, నూరు రూపాయల వేతనమునకు కార్మికుడు 75 పైసలును, యజమాని 3 రూపాయల 25 పైసలును చెల్లింతురు. కావున ఈ భృతి ఎవరో దయతలచి ఇచ్చునది కాదు, కార్మికుని హక్కు.

వైద్యము పనిలో చేరిన నాటినుండియే లభించును. నగదు భృతికి మాత్రము ఆరు నెలల చందా కాలములో కనీసము 78 దినములకు చందా చెల్లి యుండవలెను. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు చెల్లించిన చందాకు, తరువాతి జనవరి మొదలు జూను వరకు భృతి లభించును. సగటు దినవేతనములో నూటికి 70 వంతుల చొప్పున, ఏడాదికి 91 దినములకు మించకుండ ఇత్తురు. సాధారణముగా మొదటి రెండు దినములకు భృతి లేదు.

బియ్యపు మిల్లులో పనిచేయు ఒకని సగటు దినవేతనము 400 రూపాయలనుకొందము. అతడు పది దినములు జబ్బుపడినచో, ఎనిమిది దినములకు 280 చొప్పున 2,240 రూపాయలు వచ్చును. క్షయవంటి కొన్ని దీర్ఘవ్యాధులకు, నిబంధనలకు లోబడి, నూటికి 80 వంతుల చొప్పున ఇంకను ఎక్కువ కాలము లభించును.

అయితే ఇంత హక్కును ఒక్క కాగితము లేక పోగొట్టుకొనువారు కలరు. జబ్బు చేయగానే స్వగ్రామము చేరి, ఊరి వైద్యునిచే సూది వేయించుకొని ఊరకుందురు. ఇ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రమే భృతికి ముఖ్యాధారమని వారెరుగరు.

పంచాయతీ సభ్యులకు మా మనవి యిది. మీ వార్డులో మిల్లు కార్మికుడు జబ్బుపడినట్లు తెలిసిన వెంటనే, బీమా సంఖ్య కలదా యని అడుగుడు. ఉన్నచో మొదటి దినముననే ఇ.ఎస్.ఐ. వైద్యశాలకు పంపుడు. జీతములో చందా విరుగగోసియు యజమాని చెల్లింపనిచో, బీమా సంస్థ శాఖా కార్యాలయములో ఫిర్యాదు చేయించుడు. మీరు చెప్పు ఒక్కమాట ఆ యింటిని అప్పునుండి కాపాడగలదు.