మందు పీపాలో మునిగిన గొట్టం

బోరు నీరు పైకి వస్తుందే గాని వెనక్కు పోతుందా అని అనుకుంటాం గదా. పోతుంది. మోటారు ఆగిన మరుక్షణమే పోతుంది.

మొన్న పత్తికాలంలో ఒక ఊళ్లో కళ్లారా చూచాను. ఒకాయన 200 లీటర్ల పీపాలో పురుగుమందు పోసి, నురుగు లేవకుండా గొట్టం కొసను అడుగుదాకా దింపి నీళ్లు పడుతున్నాడు. ఇంతలో కరెంటు పోయింది. ఇద్దరం మాటల్లో పడ్డాం. తిరిగి చూచేసరికి పీపాలో నీరు జానెడు తగ్గింది. చిల్లు పడిందేమోనని ఆయన పీపా చుట్టూ తిరిగి చూచాడు కూడా. చిల్లు లేదు. ఆ మందునీరు పోయింది బోరులోకి. ఇంటి కుళాయికీ, పశువుల తొట్టికీ ఆ బోరే ఆధారం!

ఇందులో మాయ ఏమీ లేదు. మోటారు ఆగగానే బోరు గొట్టంలోని నీరు తన బరువుకు కిందికి జారుతుంది. జారుతూ వెనుకనున్న దానిని లాగుతుంది. ట్యాంకులోంచి గొట్టంతో డీజిలు తీస్తారే, అదే పద్ధతి. గొట్టం కొస మునిగివుంటే మందును లాగుతుంది, పైన వుంటే గాలిని లాగుతుంది.

పట్నాలకూ ఈ బాధ తప్పలేదు. 1933లో అమెరికాలోని షికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన చూడవచ్చి రెండు హోటళ్లలో దిగినవారికి అమీబా జిగట విరేచనాలు పట్టుకున్నాయి. గొట్టాల లోపాలవల్ల మురుగునీరు తాగేనీటిలో కలిసింది. 98 మంది మరణించారు.

నీటిని వెనక్కు పోనీయని వాల్వు ఒకటున్నది. దుకాణంలో ఎన్.ఆర్.వి. అంటే ఇస్తారు. డ్రిప్పులో ఎరువు కలిపేవారు దీనిని బోరుకూ ఎరువు కలిసే చోటుకూ మధ్య తప్పక బిగించవలెను. ఇంటి గొట్టం ఆ వాల్వుకు బోరు వైపునే చీలవలెను. అయితే లోపలి రేకు కింద ఇసుక రేణువు చిక్కినా అది సరిగా మూయదు. కనుక ఏటా మందుల కాలానికి ముందు పరీక్షించండి.

శుభ్రమైన బకెట్టు తీసుకోండి. మందు తగిలినది వద్దు. గొట్టం కొస అడుగున వుంచి అంచుదాకా నింపండి. మిగతా కుళాయిలు కట్టివేసి మోటారు ఆపండి. ఐదు నిమిషాలలో నీరు అంచు దిగితే వాల్వు పట్టడం లేదన్నమాట. దిగకపోతే, పల్లంలో వున్న ఇంటి కుళాయి ఒకటి తిప్పి మళ్లీ చూడండి. బోరు వాల్వు బాగున్నా బకెట్టు నీరు అటు పోవచ్చు. చాలామంది ఈ రెండో పరీక్ష మరచిపోతారు.

నన్నడిగితే, వాల్వుకన్న గాలి నమ్మకం. అంగుళం గొట్టమైతే పీపా అంచుకు రెండంగుళాలు పైన, కర్రకు కట్టండి. ముందు నీళ్లు నింపి, గొట్టం తీసివేసి, ఆ తరువాతనే మందు కలపండి. నురుగు బాధా తప్పుతుంది.

మందు బోరులోకి పోయిందని అనుమానం వస్తే ఆ నీరు మనుషులకూ, పశువులకూ పెట్టకండి. కాచినంత మాత్రాన మందు పోదు. నీటిని పరీక్షకు పంపించండి. ఆ పత్తి రైతు ఇంటివారు పరీక్ష కాగితం చేతికందేదాకా పక్కవారి బావినుంచి బిందెలతో మోసుకున్నారు.