గాలి ఒప్పుకునే కోణం

2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి లేచిన ఇస్రో రాకెట్ రెండు స్క్రామ్‌జెట్ ఇంజన్లను మోసుకెళ్లింది. ధ్వనికి ఆరింతల వేగంలో అవి మండింది 5 సెకన్లు. తక్కువేమీ కాదు. ఆ వేగంలో గాలి ఇంజను లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. అంతలోనే అది నలగాలి, హైడ్రోజన్‌తో కలవాలి, మండాలి.

ఈ ఇంజనులో తిరిగే చక్రాలు లేవు. గాలిని నొక్కే పని షాక్ తరంగాలదే. వేంపల్లె చుట్టుపక్కల చీనీ తోటల్లో బోరు నీళ్లు చదును బండ మీద నిలువుగా పడేచోట చూడండి. నీళ్లు పలచగా, జోరుగా పరుచుకుని, కాస్త దూరం పోయాక ఒక్కసారిగా మందమై నెమ్మదిస్తాయి. ఆ వలయపు గట్టులాంటిదే షాక్. దానికి ఇటు ఒక పీడనం, అటు మరో పీడనం. నడుమ మెట్టు తప్ప వాలు లేదు. వేలు అడ్డంపెడితే వలయం వంగుతుంది, తీసేస్తే మళ్లీ కుదురుకుంటుంది. కుదురుకుంటుందా, చెదిరిపోతుందా అన్నదే స్థిరత్వం ప్రశ్న.

ధ్వనికి రెండింతల వేగంతో వచ్చే గాలికి 10 డిగ్రీల వాలు అడ్డుపెడితే షాక్ ఏ కోణంలో నిలవాలి? సమీకరణాలు రెండు జవాబులిస్తాయి: సుమారు 39 డిగ్రీలు, లేదా 84 డిగ్రీలు. రెండూ లెక్కకు సరైనవే. విడిగా పెట్టిన వాలు మీద కనిపించేది మాత్రం మొదటిదే, బలహీనమైనది. దాని వెనక కూడా గాలి ధ్వనిని మించే పోతుంటుంది కనుక కింది అలజడి పైకి ఎగబాకి షాక్‌ను కదపలేదు. బలమైన షాక్ వెనక గాలి ధ్వని కంటే నెమ్మది. ప్రతి అలజడీ వచ్చి దాన్ని తడుతుంది.

ఏటవాలు షాక్‌ల లెక్కను 1908లో గోటింగెన్‌లో ప్రాంట్ల్ అనే శాస్త్రవేత్త శిష్యుడు థియోడర్ మేయర్ తన సిద్ధాంత వ్యాసంలో పెట్టాడు. హఠాత్తుగా గాలి తగిలిన వాలు మీద చివరికి బలహీన షాకే మిగులుతుందని, కొన్ని షరతులతో, గణితవేత్తలు ఫోల్కర్ ఎల్లింగ్, తై పింగ్ లియు రుజువు చేసి ప్రచురించింది 2008లో. నూరేళ్లు! ఈలోగా ఇంజనీర్లు రుజువు కోసం ఆగలేదు, విమానాలు ఎగరేశారు.

అయితే అలజడి మరీ పెద్దదైతే కథ మారుతుంది. లోపలి మంట పీడనాన్ని పెంచేస్తే షాక్‌లు ఇంజను నోట్లోంచి బయటికి వచ్చేస్తాయి. అమెరికా ఎస్ఆర్-71 విమానంలో షాక్ ఇలా బయటికి వచ్చినప్పుడు పైలట్ల తలలు అద్దాలకు కొట్టుకునేవి.

నాకు ఆసక్తిగా తోచేది ఈ స్థిరత్వపు రెండో ముఖం. పక్కపక్కన వేర్వేరు వేగాలతో పోయే రెండు వాయువుల మధ్య సరిహద్దు మామూలు వేగాల్లో సుడులు తిరిగి కలిసిపోతుంది. వేగాల తేడా ధ్వనిని బాగా మించితే అది మొండికేస్తుంది, సరిగా కలవదు. నోటి దగ్గర వరమైన స్థిరత్వం కడుపులో శాపం. అందుకే ఇంధనాన్ని గాలికి అడ్డంగా చిమ్ముతారు, గోడల్లో గుంటలు చెక్కి మంటను దాస్తారు.

హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఇంజనీర్లు 2025 ఏప్రిల్‌లో చిన్న నమూనా స్క్రామ్‌జెట్ దహన గదిని 1,000 సెకన్లకు పైగా మండించారు. అది నేల మీది పరీక్ష. 2020 సెప్టెంబరు 7న డీఆర్‌డీఓ వాహనం ఆకాశంలో ఎగిరినప్పుడు ఇంజను మండింది 20 సెకన్లకు కాస్త పైన.