తొలి వెయ్యి కిలోమీటర్లే కీలకం

కొత్త మోటార్‌సైకిల్‌కు ఘనంగా పూజ చేయించే యజమానులు ఇంజిన్ అడిగే కాస్త ఓపికను మరిచిపోతున్నారు

దక్షిణాదిన దసరా, ఉత్తరాదిన ధన్‌తేరస్. షోరూముల ముందు బారులు తీరిన కొత్త మోటార్‌సైకిళ్లకు పసుపు కుంకుమలు అద్దుతారు. హ్యాండిల్‌కు బంతిపూల దండ వేస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. గంట తిరక్కుండానే ఆ బళ్లలో కొన్ని హైవే ఎక్కుతాయి. వెనక ఇద్దరు, ముందు ఫుల్ యాక్సిలరేటర్. దిష్టి తీయించుకున్న ఇంజిన్‌కు అసలు గండం అప్పుడే మొదలవుతుంది.

2024-25లో దేశంలో సుమారు కోటీ 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయని తయారీదారుల సంఘం సియామ్ లెక్కలు చెబుతున్నాయి. వాటిలో దాదాపు కోటీ 22 లక్షలు మోటార్‌సైకిళ్లే. ఎన్నో ఇళ్లలో అది సరదా బండి కాదు, సంపాదించే బండి. పాల క్యాన్లు మోసేవారికి, మందుల కంపెనీ ప్రతినిధికి, భోజనం పార్శిళ్లు అందించే కుర్రాడికి బండి ఆగితే ఆ పూట ఆదాయం ఆగుతుంది. నెలవారీ వాయిదా మాత్రం ఆగదు.

ఇంజిన్‌ను పట్టించుకోని అలవాటు వెనక కొంత చరిత్ర ఉంది. టూస్ట్రోక్ స్కూటర్ల కాలంలో పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయించే యజమానికి బండి అవసరాలు ఎంతోకొంత తెలిసేవి. 1985లో ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌తో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ‘పెట్రోలు పోయించు, మూత పెట్టు, ఇక మరిచిపో’ అన్నది దాని ప్రచారం. మైలేజీ విషయంలో ఆ మాట చెల్లింది. కానీ కొత్త ఇంజిన్‌ను తొలి నెలలోనే మరిచిపోతే చెల్లదు.

కారణం సిలిండర్ లోపల ఉంది. దాని గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఒకదాన్నొకటి ఏటవాలుగా ఖండించుకునే సన్నని గీతలను ఫ్యాక్టరీలోనే గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ రింగులు ఆ గీతల గట్లను కొద్దికొద్దిగా అరగదీసి గోడకు సరిగ్గా అతుక్కోవాలి. అప్పుడే పైన మండిన వాయువు కిందికి జారదు, కింది ఆయిల్ పైకి రాదు. రింగులు కుదురుకోకపోతే పికప్ తగ్గుతుంది, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది. చివరికి ‘ఇంజిన్ బోరుకొచ్చింది’ అనే మాట మెకానిక్ నోట వినాల్సి వస్తుంది.

పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. మొదట్లోనే విపరీతంగా రేజ్ చేస్తే వేడికి గోడ మీద చారలు పడతాయి. మరీ సుకుమారంగా నడిపితే రింగులను గోడకు నొక్కిపట్టే వాయుపీడనం చాలదు. ఆయిల్ మాడి పొరలా పేరుకుని గీతలు పూడుకుపోతాయి. మొదటి నుంచీ దంచి నడపాలనే రేసింగ్ వర్గాల వాదనలో ఉన్న నిజం ఈ పీడనం మేరకే. రేసు ఇంజిన్‌ను తరచూ విప్పి బిగిస్తారు. ఇంటి బండి మాత్రం ఏళ్ల తరబడి విప్పకుండా నడవాలి.

అందుకే మధ్యేమార్గం మేలు. వేగ పరిమితి ఎంతో, అది 500 కిలోమీటర్ల వరకా, వెయ్యి వరకా అన్నది బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. దానిదే తుదిమాట. యాక్సిలరేటర్‌ను సగానికి మించి తిప్పకుండా, ఒకే వేగం పట్టుకుని గంటల కొద్దీ పోకుండా, గేర్లు మారుస్తూ వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. టాప్ గేర్లో ఇంజిన్ మూలుగుతున్నా గేరు తగ్గించకపోవడం కూడా హానికరమే. పొద్దున్నే బండిని పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయాల్సిన పనిలేదు. స్టార్ట్ చేశాక కొద్ది సెకన్లు ఆగి, నెమ్మదిగా కదిలితే చాలు. కొత్త టైర్ల నునుపు పోయేదాకా, బ్రేకులు కుదురుకునేదాకా మలుపుల్లో బండిని బాగా వంచకూడదు.

చాలామంది తేలిగ్గా తీసుకునేది తొలి సర్వీసింగ్‌ను. అరుగుదలలో రాలిన లోహపు పొడి ఆయిల్లోనే తిరుగుతుంటుంది. 100 సీసీ బండిలో పట్టేది దాదాపు లీటరు ఆయిలే. గేర్లకూ క్లచ్‌కూ కూడా అదే ఆధారం. ఉచిత సర్వీసింగ్‌లో కూలీయే ఉచితం, ఆయిల్ ఖర్చు యజమానిదే. దాన్ని వాయిదా వేస్తే ఆ పొడితోనే ఇంజిన్ నడుస్తుంది, వారంటీకి కూడా చిక్కు రావచ్చు. కారు ఆయిల్ చౌకగా దొరికిందని పోస్తే క్లచ్ జారవచ్చు. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ గుర్తు చూసి కొనాలి.

2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కార్బ్యురేటర్ల స్థానంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. తయారీలో కచ్చితత్వమూ పెరిగింది. ఇక జాగ్రత్తలెందుకన్న ప్రశ్న సహజమే. కానీ ఇంజెక్షన్ మార్చింది పెట్రోలు అందే తీరును. రింగు, గోడ ఒకదానికొకటి అలవాటుపడే పని ఇప్పటికీ రోడ్డు మీదే పూర్తవుతోంది.

బండి కొన్న మర్నాడే డెలివరీకి దిగే కుర్రాడికి నెల రోజులు ఆగే స్తోమత ఉండదు. ఆగనవసరం లేదు కూడా. ఆగుతూ సాగే నగర ట్రాఫిక్‌లో వేగం దానంతటదే మారుతుంటుంది, కొత్త ఇంజిన్‌కు కావలసిందీ అదే. అతను అదుపులో పెట్టుకోవలసింది తన కుడిచేతిని. తప్పించకూడనిది తొలి ఆయిల్ మార్పును.